కరుణ కోసం మూడుసార్లు గోదారి దాటాను

కరుణని మూడేళ్ళుగా వింటున్నాను, ఒక్కసారి కూడా చూడలేదు. చూపు లేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసే ఒక ఆన్‌లైన్ బృందంలో మేమిద్దరం పరిచయమయ్యాం. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న ఫ్లాట్‌లో కూర్చుని సాంఘిక శాస్త్రం చదువుతాను. రాజోలు దగ్గర ఒక పల్లెలో బడి పంతులమ్మగా చేసే కరుణ, తనూ పాఠాలు చదువుతూ, నా రికార్డింగులు విని తప్పులు చెబుతుంది. "మూడో పేజీలో మీ కుక్కర్ కూతేసిందండీ" అన్నది ఆమె నాకు పంపిన మొదటి మాట. "మీ పాఠంలో పిట్టలు కూస్తున్నయి, వాటినేం జేస్తరు?" అని నేను బదులిచ్చాను. అలా మొదలైంది. తర్వాత మర్యాదలు పోయాయి, రోజూ వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. ఆమె కాలవ గట్టు మీద నడుస్తూ మాట్లాడేది. నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తూ వినేదాన్ని. ప్రతి శనివారం మధ్యాహ్నం ఇద్దరం ఫోను స్పీకర్లో పెట్టుకుని ఎవరింట్లో వాళ్ళం అన్నం తినేవాళ్ళం. ఆమె ముద్ద కలిపే గాజుల చప్పుడు కూడా నాకు తెలుసు.

కలుద్దామని ఇద్దరికీ ఉండేది, కానీ నాకు భయం. ఇంతకు ముందు ఇలాంటి స్నేహితురాలినే ఒకామెను ట్యాంక్‌బండ్ దగ్గర కలిశాను. కాఫీ తాగాం, వాతావరణం గురించి మాట్లాడుకున్నాం, మళ్ళీ కలుద్దామనుకున్నాం. ఆ తర్వాత మెసేజ్ కూడా పెట్టుకోలేదు. దూరపు కొండలు నునుపు అని మా అమ్మ ఊరికే అనదు. కరుణ కూడా అలా పోతే శనివారం మధ్యాహ్నాలు ఏం చేసుకోను? అయినా డిసెంబరు రాగానే ఉండబట్టలేక టికెట్ తీసుకున్నాను. రాజోలుకి రాత్రి బస్సు, స్లీపర్‌లో తొమ్మిది వందలు. తిరుగు ప్రయాణానికి మర్నాడు సాయంత్రం నర్సాపురం నుంచి రైలు. ఉన్నది ఒక్క పగలే.

మాకొక పిచ్చి పందెం ఉంది. ఫొటోలు పంపుకోకూడదు, గొంతుతోనే గుర్తుపట్టాలి. తెల్లవారాక రాజోలులో దిగాను. మంచు ఇంకా విడలేదు, దుకాణాల ముందు వేలాడదీసిన క్రిస్మస్ నక్షత్రాలు అందులో మసకగా వెలుగుతున్నాయి. బస్టాండులో బెంచీ మీద కూర్చుని, ఆమె మాట ఎటునుంచి వినిపిస్తుందా అని చెవులు రిక్కించాను. నా పక్కన నీలం చీర కట్టుకున్న ఒకావిడ కూడా అలాగే నోరు మెదపకుండా కూర్చుని ఉంది. ఇద్దరం అలా చాలాసేపు కూర్చున్నాం. చివరికి చలికి ఓర్వలేక టీ బండి దగ్గరికి వెళ్ళి, "అన్నా, చక్కెర తక్కువ ఎయ్యి" అన్నానో లేదో, ఆ నీలం చీరావిడ ఒక్క ఉదుటున లేచి నిలబడింది.

"రమా?"

ఆ గొంతు ఆ ముఖం నుంచి రావడం ఎంత వింతగా అనిపించిందో! నేను సన్నటి మనిషిని ఊహించుకున్నాను. ఎదురుగా ఉన్నావిడ నాకంటే పొడుగు, కళ్ళజోడు, నుదుటి మీద కొన్ని నెరిసిన వెంట్రుకలు. ఆమె కూడా నన్ను ఒక క్షణం తేరిపార చూసింది. తర్వాత నా చేతిలోంచి బ్యాగు లాక్కుని, "ప్రయాణం బాగా జరిగిందాండీ? అలిసిపోయేరేమో" అంది.

అండీ! ఆ మాటతో నా గుండె జారింది. గోదావరి వాళ్ళు మర్యాదతో చంపేస్తారని నవ్వుతూ అంటారు గానీ, అది నా మీదికే వస్తుందనుకోలేదు. "బాగా జరిగిందండీ" అన్నాను నేను కూడా, ఎందుకన్నానో తెలియదు.

ఆమె మాట్లాడి ఉంచిన ఆటో డ్రైవరు సత్తిబాబు గారు. పగలంతా తిప్పి, చివర సఖినేటిపల్లి రేవులో దింపడానికి పదిహేను వందలు. కోనసీమకి మొదటిసారి వచ్చేవాళ్ళకి ఇదే సుఖం, బస్సుల కోసం చూస్తే సగం రోజు పోతుంది. ముందు తాటిపాక, నగరం అనే ఊళ్ళ మీదుగా ఆదుర్రు వెళ్ళాం. రోడ్డు పక్కనే కాలవ, కాలవలో కొబ్బరిచెట్ల నీడలు, వాటిని చెదరగొడుతూ బాతులు. చర్చి గంట మోగింది, ఎక్కడో కొబ్బరికాయ దబ్బున పడింది, చేపలమ్మే సైకిల్ హారన్ వినిపించింది. అన్నీ నాకు తెలిసిన చప్పుళ్ళే. కళ్ళు మూసుకుంటే మూడేళ్ళుగా తిరుగుతున్న ఊరు, తెరిస్తే ఎన్నడూ చూడని ఊరు. నేను కాసేపు మూస్తూ, కాసేపు తెరుస్తూ కూర్చున్నాను. పక్కన కరుణ మాత్రం గైడులాగా "ఇది ఫలానా ఊరండీ, అది ఫలానా వంతెనండీ" అని చెబుతూనే ఉంది.

ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది. కొబ్బరితోటల మధ్య, బండిచక్రం ఆకారంలో పరిచిన పాత ఇటుకల దిబ్బ. మేం వెళ్ళినప్పుడు ఇంకెవరూ లేరు, టికెట్టు కూడా ఎవరూ అడగలేదు. ఇటుకల మీద మంచు తడి, పైన చిలకల గోల. ఒకప్పుడు పడవల్లో దూరాల నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ కూర్చుని ఉంటారు కదా అనిపించింది. ఈ మాట ఫోనులో అయితే గంటసేపు మాట్లాడుకునేవాళ్ళం. "బాగుందండీ" అన్నాను. "ఆయ్, ప్రశాంతంగా ఉంటుందండీ" అంది కరుణ. అంతటితో అయిపోయింది.

ఆటో దగ్గరికొచ్చాక సత్తిబాబు గారు అడిగారు. "మేడంగారూ, మీరు టీచరుగారి ఆఫీసు తరఫు వాళ్ళాండీ?"

"కాదండీ. మూడేళ్ళ నుంచి స్నేహితులం."

"ఆయ్!" అన్నారాయన, మా ఇద్దరినీ అద్దంలోంచి మార్చి మార్చి చూసి. "తనిఖీకి వచ్చేరేమో అనుకున్నానండీ."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కరుణ రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.

మళ్ళీ రాజోలు మీదుగా వెనక్కి వచ్చి, పదకొండున్నరకి వాళ్ళింటికి చేరాం. కాలవ గట్టునే డాబా ఇల్లు, గుమ్మం పైన ఎర్రటి కాగితపు నక్షత్రం. కరుణ భర్త ఉద్యోగానికి వెళ్ళాడట, ఇంట్లో అత్తగారు ఉన్నారు. అరిటాకు పరిచారు. కంద బచ్చలి కూర, రొయ్యల వేపుడు, చేపల పులుసు, కొబ్బరి పచ్చడి, కుండలో తోడేసిన గడ్డ పెరుగు. ఒక్కటే ఆకు.

"మీరు?" అన్నాను.

"మీరు కానివ్వండమ్మా, మేం తర్వాత తింటాం" అన్నారు అత్తగారు. "మొహమాటపడకండి. కరుణా, పులుసు వెయ్యమ్మా."

ఇంటికొచ్చిన మనిషికి ముందు పెట్టి, దగ్గరుండి వడ్డించి, ఆ తర్వాతే ఇంటివాళ్ళు తినడం ఇక్కడి పద్ధతి. దానికి వంక పెట్టడానికి లేదు. కానీ ఆ రోజు శనివారం. నాలుగు వందల కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్నప్పుడు కలిసి అన్నం తిన్నవాళ్ళం, చేతికందే దూరంలో ఉన్నప్పుడు నేనొక్కదాన్నే తింటున్నాను, ఆమె గరిటె పట్టుకుని నిలబడింది. ఆ గాజుల చప్పుడు ఇప్పుడు నా ఆకు మీద వినిపిస్తోంది. అంత రుచైన రొయ్యలు కూడా గొంతు దిగలేదు. "చాలండీ, చాలండీ" అంటూ చెయ్యి అడ్డం పెట్టాను. నేను చెయ్యి కడుక్కుంటుండగానే సత్తిబాబు గారు హారన్ కొట్టారు. ఆలస్యమైతే గుడి తలుపులు వేసేస్తారట. కరుణ హడావిడిగా చెప్పులేసుకుంది. అత్తగారు నా రైలు ప్రయాణానికని ఒక పెద్ద స్టీలు క్యారేజీ ఆమె చేతికిచ్చారు.

మలికిపురం, సఖినేటిపల్లి దాటి అంతర్వేదికి ముప్పావుగంటకి పైనే పట్టింది. కరుణ నా చెప్పులకి కాపలా ఉంటానంది, నేను లోపలికెళ్ళి నరసింహస్వామి దర్శనం చేసుకుని వచ్చాను. ఏం మొక్కుకున్నానో చెప్పనక్కర్లేదనుకుంటా. అక్కణ్ణుంచి సముద్రపు ఒడ్డుకి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు అది. నది మట్టిరంగులో నెమ్మదిగా వస్తుంది, సముద్రం బూడిదరంగులో ఎదురొస్తుంది, ఎక్కడ కలిశాయో చూపించమంటే చూపించలేం. ఎండ పలచగా ఉంది. అలల హోరులో మాటలు వినిపించవు కాబట్టి మాట్లాడుకోకపోవడానికి మాకొక వంక దొరికింది. నాకు ఆ అరగంట బాగుంది, నిజం చెప్పాలంటే పొద్దుటి నుంచి అదొక్కటే బాగుంది.

మూడున్నరకి సఖినేటిపల్లి రేవుకి చేరాం. ఇక్కడ నుంచి నర్సాపురానికి పంటు మీద గోదారి దాటాలి. పంటు అంటే మనుషులతో పాటు మోటారు సైకిళ్ళు, ఆటోలు కూడా ఎక్కించుకునే బల్లపరుపు పడవ. మనిషికి ఇరవై రూపాయలు, దాటడానికి పావుగంట. "మేడం గారిని అవతల దింపి వస్తాను, ఉండండి బాబాయి గారూ" అని సత్తిబాబు గారితో చెప్పి కరుణ కూడా ఎక్కింది. ఎక్కేటప్పుడు మా మధ్యకి మోటారు సైకిళ్ళు వచ్చేశాయి. ఆమె ఆ చివర రెయిలింగ్ పట్టుకుని, నేను ఈ చివర. ఆమె నీళ్ళ వైపు తిరిగి నిలబడి ఉంది. పావుగంటలో అయిపోతుంది, ఇంకో ట్యాంక్‌బండ్ అనుకున్నాను.

ఏమనిపించిందో ఏమో, ఫోను తీసి, ఎప్పటిలాగే బటన్ నొక్కి పట్టుకుని మాట్లాడాను.

"కరుణా, యాడున్నవ్? నేను గోదారి మీదున్న. ఇక్కడ ఒక మేడం ఉంది. పొద్దుగాల సంది నాకు మర్యాద జేసి జేసి అలిసిపోయింది పాపం. నువ్వుంటే మస్తుంటుండె."

ఆ చివర ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం చూశాను. భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. నా వైపు తిరగలేదు. నది వైపే చూస్తూ ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది. కాసేపటికి నా ఫోను మోగింది.

"రమా, నేనూ గోదారి మీదే ఉన్నాను. ఇక్కడా ఒక మేడం గారు ఉన్నారు. హైదరాబాద్ నుంచి వచ్చేరు. ఏం పెట్టినా చాలండీ అంటున్నారు, ఏం చూపించినా బాగుందండీ అంటున్నారు. మా ఇల్లు నచ్చలేదో, నేనే నచ్చలేదో. వారం రోజుల నుంచి ఇల్లు కడుక్కుంటున్నానే ఆవిడ కోసం. నువ్వుంటే అడిగేదాన్ని. రమా, ఆకలేస్తోందే. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు."

వెనకాల పంటు ఇంజను చప్పుడు. అదే చప్పుడు నా చుట్టూ కూడా. మూడేళ్ళలో మొదటిసారి ఆమె మెసేజ్‌లోని చప్పుడూ, నా చెవికి తగిలే చప్పుడూ ఒక్కటయ్యాయి. మోటారు సైకిళ్ళ మధ్య నుంచి, వాళ్ళనీ వీళ్ళనీ తోసుకుంటూ ఆ చివరికి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. ముఖం చూడలేదు, ఆమె చూస్తున్న నీళ్ళనే చూశాను.

"ఏం తినలేదా?" అన్నాను.

"నీకు వడ్డించాక తిందామనుకున్నా. ఈలోపు హారన్ కొట్టేరు."

"నీ మర్యాద పాడుగాను!"

ఆమె పకపకా నవ్వింది. నాకు బాగా తెలిసిన నవ్వు. నర్సాపురం రేవు వచ్చింది, అందరూ దిగారు. నేను నా బ్యాగు తీసుకోబోతే కరుణ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండవే, రైలుకి ఇంకా టైముందిగా." మళ్ళీ టికెట్లు తీసుకుని అదే పంటు మీద వెనక్కి బయల్దేరాం. రైలు కోసం కట్టిన క్యారేజీ అక్కడే విప్పాం. పులిహోర, రొయ్యల వేపుడు, కొబ్బరి లౌజు. రెయిలింగ్‌కి ఆనుకుని కూర్చుని, ఒకే గిన్నెలో చేతులు పెట్టి తిన్నాం. ఇంటి దగ్గర గొంతు దిగని రొయ్యలు ఇప్పుడు పోటీపడి తిన్నాను. ఆమె తన అత్తగారి గురించి, బడి గురించి, ఫొటో పంపాలంటే నెరిసిన జుట్టు చూసి నేనేమనుకుంటానో అని పడ్డ దిగులు గురించి చెప్పింది. నేను ట్యాంక్‌బండ్ సంగతి చెప్పాను. ఎండ వాలి నీళ్ళు పసుపు రంగుకి తిరిగాయి.

ఇవతలి రేవులో సత్తిబాబు గారు ఆటో దిగి పరుగున వచ్చారు. "ఏమండీ, తిరిగొచ్చేసేరు? ఏమైనా మర్చిపోయేరా?"

"ఆయ్, మర్చిపోయాం బాబాయి గారూ. ఇప్పుడు దొరికింది" అంది కరుణ. ఇద్దరం దిగకుండానే మళ్ళీ అవతలికి వెళ్ళాం.

ఈసారి నేను నర్సాపురంలో దిగక తప్పలేదు. ఆమె అదే పంటు మీద వెనక్కి వెళ్ళింది. నీలం చీర చిన్నదైపోయి, కొబ్బరిచెట్ల చీకట్లో కలిసేదాకా గట్టు మీదే నిలబడ్డాను. రైలెక్కి కూర్చున్నాక మెసేజ్ వచ్చింది. మాటలేమీ లేవు. ఇంజను చప్పుడు, నీళ్ళ చప్పుడు, మధ్యలో ఒకసారి గాజులు. అది వింటూనే పడుకున్నాను.

ఎన్నేళ్ళ స్నేహమైనా, ముఖాముఖి కూర్చోబెడితే మొదట కొత్తవాళ్ళమే అవుతాం కాబోలు. మేమిద్దరం ఎప్పుడూ పక్కపక్కనే నడిచినవాళ్ళం, తను కాలవ గట్టు మీద, నేను నా బాల్కనీలో. ఎదురెదురుగా నిలబడేసరికి ఒకరు అతిథి, ఒకరు ఇంటావిడ అయిపోయాం. నది మీద ఇద్దరం ఒకే వైపు చూసినప్పుడు గానీ మా స్నేహం మాకు దొరకలేదు. కోనసీమ అందాల గురించి ఇంకా రాయాలని ఉంది, కానీ నిజానికి నేను ఆ రోజు బాగా చూసింది ఒక్క మనిషినే. ఇప్పటికీ శనివారం మధ్యాహ్నం ఫోను పెట్టుకుని తింటున్నాం, ఆమె ముందు తింటేనే నేను ముద్ద కలుపుతాను.

మీరు కూడా ఇలా వెళ్ళాలనుకుంటే ఒక్క సలహా. సఖినేటిపల్లి రేవుకి మీ రైలు కంటే కనీసం రెండు గంటల ముందే చేరండి. గోదారి దాటడానికి పావుగంట చాలు, మిగతా సమయం వెనక్కి రావడానికి.