లక్షా మూడు

నా చిన్నప్పుడు, రేపల్లెలో ఏడో తరగతి చదువుతుండగా, మా లెక్కల మాస్టారు బోర్డు మీద తొంభై ఒకటి వేసి, ఇది ప్రధాన సంఖ్య, దీన్ని ఏదీ నిశ్శేషంగా భాగించదు అన్నారు. నేను లేచి, "ఏడు పదమూళ్లు తొంభై ఒకటి కదండీ" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వి, తప్పు చెరిపేసి పాఠం పూర్తి చేశారు.

మర్నాడు నా నోటుబుక్కు తీసుకుని అందులో 1,00,003 అని వేసిచ్చారు. "ఒకటీ, ఇదీ కాకుండా దీన్ని శేషం లేకుండా భాగించేది పట్టుకురా. అప్పుడు గురుకులం పరీక్షకి నీ పేరు పంపిస్తా. అందాకా కూర్చోమాక, నుంచో" అన్నారు.

గురుకులంలో సీటొస్తే తిండీ, బట్టా, చదువూ అన్నీ అక్కడే. మా నాన్న పడవ మీద వేటకు వెళ్లేవాడు, అమ్మ చేపలమ్మేది. ఏడో తరగతితో చదువు మాన్పిద్దామనుకుంటున్న వాళ్లను ఆ పరీక్ష ఆశ చూపించే ఆపుకొస్తున్నాను.

వెనక గోడ దగ్గర నుంచుని భాగించడం మొదలుపెట్టాను. ఏడుతో చేస్తే ఒక్కటి మిగిలింది. పదకొండుతో రెండు. అంత చిన్న శేషాలు చూసి, దగ్గరకొచ్చేశాననుకునేదాన్ని. నోటుబుక్కు నిండిపోతే పొట్లాల కాగితాలు విప్పి వాటి మీద చేశాను. పదకొండు రోజులు. పాదాలు వాచిపోయాయి. మాస్టారు రోజూ నా పక్కకొచ్చి లెక్కలు చూసి, "బాగా చేస్తున్నావమ్మా, ఇంకా పైకెళ్లు" అనేవారు. అది నా మీద అభిమానమనే నమ్మాను.

భాగించే అంకె నాలుగు వందలు దాటాక కాగితాలన్నీ పక్కింటి అక్కకు చూపించాను. ఆమె తెనాలి కాలేజీలో చదివేది. వాళ్లమ్మతో ఉర్దూలోనూ నాతో తెలుగులోనూ మాట్లాడే అక్క, ఆ సాయంత్రం వాటిని వరసగా పేర్చి, ఉర్దూలో అంకెలు గొణుక్కుంటూ శేషాలన్నీ సరిచూసింది. తర్వాత, "రెండు సంఖ్యలు హెచ్చిస్తే ఇది రావాలంటే, వాటిలో చిన్నది మూడొందల పదహారు దాటదే. అక్కడిదాకా దొరకలేదంటే ఇక లేనట్టే. ఇది ప్రధాన సంఖ్య. మీ సారుకి తెలీదంటావా?" అంది.

ఆ చివరి మాట నా చెవికెక్కలేదు. జవాబు దొరికిందని ఎగిరి గంతేశాను. మర్నాడు ప్రార్థన కాగానే మాస్టారి దగ్గరికి పరుగెత్తి, "దీన్ని భాగించేది లేదండి" అన్నాను.

"తెలుసు. నీకు వేసిచ్చిన రోజే తెలుసు" అన్నారాయన, హాజరుపట్టీ మీంచి తలెత్తకుండా. "పేర్లు మొన్ననే పంపించేశాం. ఇక వెళ్లి కూర్చో."

నేను థాంక్సండి అని చెప్పి మరీ వెళ్లి కూర్చున్నాను. పరీక్ష పోయినందుకు ఏడ్చిన ఏడుపు ఎప్పుడో ఆరిపోయింది. ఆ థాంక్స్ మాత్రం ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

ఆ వేసవిలోనే అమ్మతోపాటు చేపల గంప ఎత్తుకున్నాను. ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఏ ఆఫీసులోనైనా ఇంకో కాగితం పట్టుకురమ్మంటే, "తెస్తే పనవుతుందాండి, అవదాండి? ముందది చెప్పండి" అంటాను. విసుక్కుంటారు. అయినా చెప్పేదాకా అక్కణ్ణుంచి కదలను.