గట్కలో గుంత

నా చిన్నప్పుడు మా ఇంటి నిండా అన్నం వాసన ఉండేది. మేము తినేది మాత్రం గట్క. మాది సిద్దిపేట దగ్గర మగ్గం నేసే ఇల్లు. బియ్యపు నూకలు మెత్తగా ఉడికించి చేసిన గంజంతా నూలుకు పోయేది. జొన్నరవ్వతో వండిన గట్క, తలుపు దగ్గరికేసుకుని మేము తినేవాళ్లం. రోజూ అన్నమే తింటామని వాడకట్టంతా అనుకునేది. మా అమ్మ కాదనలేదు. నేనైతే ఇంకో నాలుగు మాటలు కలిపి చెప్పేదాన్ని.

సిద్దిపేటలో బట్ట కొనే సేటు ఇంట్లో అమ్మను గడప బయటే కూర్చోబెట్టి, గంజి కంపని ముక్కు మూసుకునేవాళ్లు. ఆ మాట పడి వచ్చిన రోజు అమ్మ పక్కింటి మీద పడేది. వాళ్లు తాటికల్లు గీసేవాళ్లు. "ఆ ఇంట్ల కాలు వెట్టకు. కల్లు కంపు. గట్క తినేటోళ్లకు సిగ్గూ శరమా?" అనేది, మా పొయ్యి మీది గట్క కలుపుతూనే. నేను ఆ మాటే తీసుకుపోయి పక్కింటి పెద్దమ్మ బిడ్డ మీద విసిరేదాన్ని.

ఒకరోజు వీధిలో పడుగు దారాలు చాచి గంజి పట్టిస్తుంటే వాన మొదలైంది. పడుగు తడిస్తే నెల తిండి పోయినట్టే. అమ్మా బాపూ ఒక కొస పట్టుకున్నారు. పక్కింటి పెద్దమ్మ పిలవకుండానే ఉరికొచ్చి రెండో కొస పట్టింది. పడుగు ఇంట్లో పరిచాక మాకు కూర్చునే జాగ లేదు. పెద్దమ్మ నన్ను వాళ్లింటికి తీసుకుపోయి, తన బిడ్డ పక్కన కూర్చోబెట్టి గట్క పెట్టింది.

ఆకలి మీదున్నాను. చేతికి అలవాటైన పని ఆగుతుందా? గట్క నడుమ బొటనవేలితో గుంత చేసి, పచ్చిపులుసు కోసం పళ్లెం ముందుకు జరిపాను. గట్క ఎరగని మనిషి చేసే పని కాదది.

ఆ పిల్ల పట్టేసింది. "ఓ అమ్మా, సూడే! అన్నం తప్ప ముట్టమన్నది. గుంత జేసుడు ఎట్ల ఎర్క దీనికి?"

గుంతను వేళ్లతో పూడ్చబోయాను. తెల్లారేసరికి వాడకట్టంతా నవ్వుతుంది. అమ్మకు ఇక తలెత్తుకునే దారి ఉండదు.

"నేనే సూపెట్టిన, నువ్వు చెంబు తేవోయినప్పుడు. నోరు మూసుకొని తిను," అంది పెద్దమ్మ. నా గుంత నిండా పులుసు పోసింది.

పంపేటప్పుడు నా మూతి తుడుస్తూ, "మా ఇంట్ల తిన్నవని మీ అమ్మకు జెప్పకు బిడ్డా. మనసుకు వెట్టుకుంటది," అంది.

గట్క కుతకుత ఉడికే చప్పుడును నడిమి గోడ ఆపుతుందా? ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. మేము అన్నన్ని మాటలన్నా ఒక్కనాడూ నలుగురి ముందు మా కుండ మూత తీయలేదు.

సగం వయసు దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఈ బుద్ధి మాత్రం ఆనాడే నేర్చాను. ఇప్పుడు అదే గట్కను ఒంటికి మంచిదని ఉన్నవాళ్లు తింటున్నారు. మా కోడలు నలుగురిలో కూర్చుని "ఆ బస్తీవాళ్లు అంతే" అని మొదలుపెడితే నేను ఊరుకోను. తలుపేసుకుని తిన్న మా గట్క సంగతి చెబుతాను. చుట్టాల ముందు పరువు తీస్తానని దానికి కోపం. తీస్తే తీశాను. మా కుండ మూత నేనే తీస్తాను. ఎదుటివాళ్లది ముట్టను.