మందు పెట్టని డబ్బా

గడియారాలు బాగుచేసే ఆయన కంటికి భూతద్దం బిగించి, ఉండపురుగును వెల్లకిలా తిప్పి చూశాడు. ఇదీ ఆడదే.

కుండీల కింద తడిమట్టిలో తిరుగుతూ, ముట్టుకుంటే ఉండ చుట్టుకునే ఈ పురుగులు రొయ్యలకు దూరపు చుట్టాలు. మామూలుగా బూడిద రంగులో ఉంటాయి. ఆయన భార్య ఎప్పుడో దొరికిన తెల్లవాటిని ఏరి, ముత్యాలని పేరుపెట్టి, డబ్బాల్లో మట్టీ ఎండుటాకులూ వేసి పెంచింది. మంచాన పడ్డాక కూడా వాటికి నీళ్లు చిలకరించారా అని అడిగాకే తన మాత్ర మింగేది. ఆమె పోయాక డబ్బాలు ఆయన చేతికొచ్చాయి. పురుగులకు కాపలా ఉద్యోగమని ఇరుగుపొరుగు నవ్వితే ఆయనా నవ్వాడు. కానీ మగవి ఒక్కొక్కటే చచ్చి, పుట్టేవన్నీ ఆడవే అవుతుంటే ముద్ద దిగలేదు. బయటి బూడిదవాటిని కలిపితే తెలుపు నిలవదు. పాత మగవాటి విత్తు ఇంకా కడుపులో దాచుకుని ఉంటే తల్లులు ఇంకోసారి ఈనుతాయేమో, అంతే. ఆపైన వంశం లేదు.

బడిలో సైన్సు చెప్పే మరదలు వచ్చి చూసింది. "బావా, ఈ ఇంట్లో మగపురుగువి నువ్వొక్కడివే మిగిలావు" అంది. తర్వాత నవ్వకుండా చెప్పింది: తల్లి గుడ్డులోంచే పిల్లకు అంటుకునే బాక్టీరియా ఇది, మగగా ఎదగాల్సినదాన్ని ఆడదాన్ని చేసేస్తుంది. దానికి మందుంది.

ఒక డబ్బాలో తల్లులకు క్యారెట్ ముక్కల మీద మందు పూసి పెట్టారు. వాటి పిల్లలు ఎదిగాక చూస్తే అన్నీ మగవే. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. మిగిలిన డబ్బాలకూ, అందులోనూ భార్య తన చేత్తో మట్టి నింపిన మొదటి డబ్బాకూ మందు పెట్టబోయాడు. మరదలు అడ్డం వచ్చింది.

"అన్నిటికీ పెడితే అన్నీ మగవే అవుతాయి బావా. వీటిలో పుట్టుకతో ఆడవైనవి ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ఆడదంటూ ఉందంటే ఆ రోగం వల్లే."

"అంటే మీ అక్క డబ్బాలో రోగాన్ని అలాగే ఉండనివ్వమంటావా?"

ఆమె మగపురుగుల డబ్బాను ఆయన ముందుకు జరిపింది.

భార్య ఒంట్లోంచి ఒక రోగాన్ని తరమాలని ఆయన ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. ఇప్పుడు ఇంకో రోగాన్ని తన చేత్తోనే సాకాలి. చాలాసేపు సీసా చేతిలోనే పట్టుకుని, చివరికి మూత బిగించాడు. గడియారం ముల్లును ఎత్తినంత మెల్లగా, పట్టకారుతో ఒక మగపురుగును ఎత్తి మొదటి డబ్బాలో వదిలాడు. అది ఉండ చుట్టుకుని కదల్లేదు. నీళ్లు చిలకరించి, పక్కనే కూర్చున్నాడు.