యూరియా లైన్ల అమెరికా అప్పు

ఏంది, అందరు నా కాళ్ల దిక్కే చూస్తాన్రు? అవును, చెప్పుల్లేవు. ఎవడో కొట్టేసిండని అనుకుంటాన్రు గదా! కాదు. నా చెప్పులు పదిలంగనే ఉన్నయ్. ఏడున్నయో, ఎందుకున్నయో చెప్తే నవ్వుతరు. నవ్వుకోండ్రి, కోపం చేసే ఓపిక సుత లేదు నాకు. ముందుగాల జర ఛాయ్ చెప్పుండ్రి. ఇదంతా అమెరికా చేసిన అప్పుతోని వచ్చిన లొల్లి.

మీకు ఎరికే గదా, హన్మకొండల ఫోన్లు బాగుచేసే దుకాణం నాది. పరకాల రోడ్డు మీద మా ఊర్లె రెండెకరాల పొలముంది. పొలం నా పేరు మీద ఉంది గని, పనంతా నా భార్య రజియాది. నాటేసింది ఆమె, కలుపు తీసింది ఆమె. నేను ఆదివారం పోయి, గట్టు మీద నిలబడి, "మంచిగుంది" అని చెప్పి వస్త.

ఈసారి మంచిగ లేదు. వరి ఆకు పసుపుపచ్చగ అయితాంది. యూరియా పడాలె. యూరియా ఏది? ఎరువులమ్మే సొసైటీ కాడికి రెండుసార్లు పోయిన, రెండుసార్లు ఉత్త చేతులు ఊపుకుంట వచ్చిన. మూడోసారి లారీ వచ్చిందంటే దుకాణం బంద్ పెట్టి తెల్లారంగనే బయలెల్లిన. రజియా గడప కాడ నడుము పట్టుకొని నిలబడ్డది. వంగి వంగి ఆ నడుము పోయింది పాపం.

"ఏంజీ, ఇంక పది దినాలైతే ఏసినా ఫాయిదా లేదు. రెండు బస్తాలు లేకుంట ఇంటికి రాకు," అన్నది.

"ఫికర్ జెయ్యకు. మాటిస్తాన," అన్న.

గా మాట గుర్తు పెట్టుకోండ్రి.

యూరియా లైన్ సంగతి మీలో కొందరికి తెల్వదు. ఎండల గంటలకొద్ది ఎవ్వడు నిలబడడు. చెప్పులు నిలబడ్తయ్. లైన్ల మన చెప్పులిడిచి, మనం యాపచెట్టు కింద కూసుంటం. చెప్పులున్నకాడికి మన జాగ ఉన్నట్టు. లైన్ జరిగినప్పుడు ఎనుకోళ్లు కాలుతోని ముంగటికి నూకుతరు. ఇందుల మోసం లేదు, లొల్లి లేదు. నేను నా చెప్పులిడిచిన. నా ముంగట సమ్మయ్య బావ ఇటుకపెళ్ల పెట్టిండు. మా పొలం పక్కనే ఆయన పొలం. రజియాను చెల్లె అంటడు, నన్ను బావ అంటడు. "ఇటుకెందుకు బావా?" అంటే, "కాళ్లకు చెప్పులుండాలె గదా," అన్నడు. నవ్విన నేను. ఆలోచన గల్ల మనిషని అప్పుడు తెల్వలే.

నా ఎనుక మా ఊరి లచ్చమ్మత్త. ఒక్కటే చెప్పు పెట్టింది, రెండోది చేతుల పట్టుకుంది.

బావకు నాకు ఒక్కటే రోగం. ఇద్దరం రోజంతా ఫోన్ల అమెరికా రాజకీయాలు ఇంటం. నాదొక ఛానల్, ఆయనదొక ఛానల్. చెట్టు కింద కూసున్నమో లేదో, బావ మొదలువెట్టిండు.

"చూసినవా బావా, అమెరికా మళ్ల అప్పు చేసిందట! గంత అప్పున్నోడు మన ఊర్ల ఉంటే పిల్లనిత్తురా?"

నాకు ఆగుద్దా? "బావా, ఇంటి అప్పు ఏరు, దేశం అప్పు ఏరు! ఆళ్ల పైసలు ఆళ్లే అచ్చేసుకుంటరు!"

"గట్లైతే అప్పెందుకు చేసుడు? అచ్చేసుకుంటె అయిపాయె!"

జవాబు లేనప్పుడు ఏం చేస్తం? గొంతు పెంచిన. నలుగురు పోగైండ్రు. బావకు జోష్ వచ్చింది. పేదోళ్లకు సర్కారు ఉత్తగ తిండి, మందులు ఇస్తే సోమరిపోతులైతరని, అమెరికాల ఒక పార్టీ చెప్పేది కరెక్టేనని అందుకున్నడు.

"ఉత్తగ ఇచ్చుడు బందు పెట్టాలె బావా! అప్పుడే దేశం బాగుపడ్తది!"

"మరి నువ్వు పొద్దుగాల నుంచి ఇటుక పెట్టి కూసున్నది దేనికి?" అన్న. "సర్కారు సగానికి ఎక్కువ ధర కడితే వచ్చే బస్తాకే గదా!"

చెట్టు కిందోళ్లంత ఒక్కసారి నవ్విండ్రు. లచ్చమ్మత్త సుత నవ్వింది. "కొడుకా, గా అమెరికోడు యూరియా ఇస్తాండా? ఇస్తే చెప్పు, ఆడికే పోదాం," అన్నది.

బావ మొఖం మాడిపోయింది. "గది ఏరే! నీతోని మాట్లాడుడు వేస్టు!" అని లేచి, రోడ్డు దాటి ఛాయ్ బండి దిక్కు పోయిండు. గెలిచినోన్ని నేను, ఇంక ఊకోవాలె గదా? ఊకోలే. మీద మీద గెలవాలె నాకు. ఎనుకనే ఉరికిన. తారురోడ్డు మీద రెండడుగులేసిన, అరికాళ్లు సుర్రుమన్నయ్! ఎనుకకొచ్చి, చెప్పులు తొడుక్కొని, బావ ఎంట పోయిన.

మీకు అర్థమైంది. నాకు కాలే.

ఛాయ్ బండి కాడ బావ పెండ్లి ముచ్చట తీసిండు. పెండ్లిళ్లు చేసుకొని కాపురాలు నిలబెట్టుకుంటే పేదరికమే పోతదని అక్కడి లీడర్లు అంటాన్రట. పెండ్లయినోళ్లకు సర్కారు పన్ను తగ్గియ్యాల్నట.

"నా పెండ్లయి పద్దెనిమిదేండ్లాయె, ఏం పోయింది బావా?" అన్న. అందరు నవ్విండ్రు. నవ్వు ఇనపడితే నేనాగుతనా? గ్లాసు పక్కకు పెట్టి స్పీచ్ అందుకున్న. "పెండ్లి నడుమ సర్కారుకేం పని? పెండ్లంటే నమ్మకం! మొగుడు పెండ్లాం ఒకరికొకరు ఇచ్చుకున్న మాట! గా మాట మీద నిలబడ్డోడే మొగోడు!"

గీ స్పీచ్ నడుమ రజియా మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లు కట్ చేసిన.

గప్పుడే రోడ్డు అవతలి నుంచి లచ్చమ్మత్త కేకేసింది. "ఓ సమ్మయ్యా! నీ ఇటుక కౌంటర్ కాడికొచ్చింది, ఉరికిరా!"

ఇద్దరం ఉరికినం. బావ ఇటుక ఉంది. దాని ఎనుక లచ్చమ్మత్త చెప్పు. నడుమ నా చెప్పులేవి? నాకు నెత్తురు మసిలింది. "నా చెప్పులు తీసినోడు ఎవడు? మర్యాదగ చెప్పుండ్రి!" అని మీద పడ్డ. ఒక పెద్దమనిషి అంగీ సుత పట్టుకున్న. ఆయన, "నేను చూడలే బిడ్డా," అంటాండు. లైనంత ఆగిపోయింది. లచ్చమ్మత్త నా భుజం మీద చెయ్యేసి, మెల్లగ అన్నది.

"కిందికి చూసుకో కొడుకా."

చూసుకున్న. తౌబా! నా కాళ్లకే ఉన్నయ్.

ఆ పెద్దమనిషి అంగీ నేనే సాపు చేసిన. జర జాగియ్యుండ్రని బతిలాడిన. ఎవ్వలిస్తరు? అందరి పొలాలు నా పొలం లెక్కనే ఉన్నయ్. తోకకు పోయి నిలబడ్డ. అర్ధగంటకు స్టాక్ అయిపోయిందని షటర్ గుంజిండ్రు.

గప్పుడు ఆటోల దిగింది రజియా, చేతుల సద్దిగిన్నె. పొద్దుగాల ఏం తినకుంట పోయిన్నని, అన్నం తెస్తాన ఎటూ పోకని చెప్పేటందుకు చేసిందట ఆ మూడు ఫోన్లు. నన్ను చూసింది, నా ఖాళీ చేతులు చూసింది. లచ్చమ్మత్త ఉండబట్టక మొత్తం చెప్పింది, అమెరికా అప్పు కాడి నుంచి అరికాళ్ల దాక. రజియా తిట్టలే. తిడితే మంచిగుండు. సద్దిగిన్నె నా చేతుల పెట్టి, కొంగుతోని మొఖం తుడుసుకుంది. సిగ్గుతోని సచ్చిపోయిన నేను.

సమ్మయ్య బావ తన రెండు బస్తాలల్ల ఒకటి తెచ్చి రజియా ముంగట దించిండు. "నీకు గాదు బావా, చెల్లెకు ఇస్తాన. ఉత్తగ గాదు, బదులు. వచ్చే లారీకి మళ్ల ఇయ్యాలె," అన్నడు. ఉత్తగ ఇచ్చుడు బందు పెట్టాలన్న మనిషి! ఆయన వరి సుత పసుపుపచ్చగనే ఉంది. దినమంతల నేను నోరు మూసుకున్నది గప్పుడొక్కసారే.

ఆ బస్తా ఒక ఎకరంల పడ్డది. అది తేరుకుంటాంది. రెండో ఎకరం ఇంకా గట్లనే ఉంది. ఇయ్యాల పొద్దుగాల మళ్ల లారీ వచ్చిందంటే నేను బండి బయటికి తీసిన. రజియా తాళంచెవి గుంజుకుంది. తన చెప్పులు తొడుక్కుంది. నా చెప్పులు సంచిల ఏసుకుంది. నావి లైన్ల పెట్టేటందుకు, తనవి కాళ్లకు. గింత చిన్న ఉపాయం, అమెరికా అప్పు మొత్తం తెలిసిన నాకు రాలే!

"నేను సుత వస్త రజియా, తోడుంట," అన్న.

సంచి భుజానికేసుకొని, ఎనుకకు తిరగకుంటనే అన్నది.

"వద్దుజీ. నీకంటే నీ చెప్పులే నయం. పెట్టినకాడ ఉంటయ్, నోరు తెరువయ్."