నిశాని ఖాతా

మా అమ్మ తన డబ్బు తాను తీసుకోలేకపోయింది. కారణం ఆమె రాయడం నేర్చుకోవడం. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు, నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమ్మ మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసింది. గని నుంచి వచ్చిన రాయిని పొరలుగా చీల్చడం, అంచులు అరగదీయడం ఆమె పని. ఆమె చేతి పలకల మీద ఎంతమంది పిల్లలు అక్షరాలు దిద్దారో గానీ, ఆమెకు మాత్రం ఒక్క అక్షరం కూడా రాదు. ఊళ్లో ఒక ఆఫీసులో పొదుపు ఖాతా తెరిచిన రోజున బొటనవేలికి సిరా పూసి కాగితం మీద అద్దించారు. మా వైపు దాన్ని నిశాని అంటారు. ఆ రోజు నుంచి అక్కడి రికార్డులో ఆమె నిశాని మనిషి.

యాభై దాటాక రాయడం నేర్చుకుంది. ఐదో తరగతి దాకా చదివిన తోటి కూలీ ఒకామె ఫ్యాక్టరీలో ఉండేది. మధ్యాహ్నం సద్ది తిన్నాక ఇద్దరూ విరిగిన పలక ముక్కలు ముందేసుకుని కూర్చునేవారు. అమ్మ పేరులో నాలుగు అక్షరాలు, మూడోదానికి ఒత్తు. ఆ ఒత్తు కుదరడానికి ఒక వానాకాలమంతా పట్టింది. తర్వాత ఇక ఆమెను ఆపలేకపోయాం. బస్సుల బోర్డులు కూడబలుక్కుని పైకి చదివేది. నా కొడుకు ప్రోగ్రెస్ కార్డు మీద నన్ను పక్కకు నెట్టి మరీ తనే సంతకం పెట్టింది.

మొన్నటి వేసవిలో ఆమె కుడికంటికి పొర కమ్మింది. ఎడమ కన్ను ఎన్నడో పోయింది, పలక చీలుస్తుంటే ముక్క ఎగిరి తగిలింది. ఉన్నది ఈ ఒక్కటే. ఆలస్యం చేయొద్దని, తొందరగా ఆపరేషన్ చేయించమని డాక్టరు చెప్పాడు. ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. వినలేదు.

"ఒక కన్ను ఆ పలకలకే ఇచ్చినా పాపా. ఈ కన్ను ఆ పలకల డబ్బుతోనే బాగు చేయించుకుంటా. నీ డబ్బు నాకెందుకు?" అంది.

సరేనని గిద్దలూరు నుంచి పొద్దున బస్సెక్కి, కంభం మీదుగా మార్కాపురం పోయి, అమ్మను తీసుకుని ఆ ఆఫీసుకు వెళ్లాను. దాని పేరు రాయను. డబ్బు తీసుకునే చీటీ నేను నింపాను. కింద అమ్మ తలొంచి, కాగితానికి కన్ను ఆనించి, ఒత్తుతో సహా తన పేరు రాసింది. రాసి, నా వైపు చూసింది. ఆ ఖాతా మీద ఆమె పెట్టిన మొదటి సంతకం అది. మేం చేసిన తప్పల్లా అదే.

కౌంటరు అవతలి కుర్రగుమాస్తా చీటీ చూశాడు, లావుపాటి పుస్తకం తీసి చూశాడు, మళ్లీ చీటీ చూశాడు.

"ఇది నిశాని ఖాతా కదక్కా. సంతకం ఎవరు పెట్టినారు?"

"నేనే పెట్టినా నాయనా," అంది అమ్మ, మెచ్చుకుంటాడేమోనని.

"అట్ల పెట్టగూడదు పెద్దమ్మా. రికార్డులో లేని సంతకం పడింది. ఇప్పుడు ఖాతా ఆపాల."

చీటీ చించేసి ఇంకోటి రాస్తామన్నాను. కుదరదన్నాడు, వచ్చిన కాగితం వచ్చినట్టే లెక్క. ఖాతా మళ్లీ తెరవాలంటే నిశానిని సంతకంగా మార్చుకునే దరఖాస్తు పెట్టాలట. మూడు ప్రతులు, మూడు ఫోటోలు, నోటరీ కాగితం, ఇద్దరు సాక్షులు. ఆ దరఖాస్తు మీద ఏం పెట్టాలో తెలుసా? నిశాని. నాకు సంతకం చేయడం వచ్చు అని చెప్పే కాగితం మీద వేలిముద్ర వేయాలి.

సరే, వేయించాం. ముద్ర పడితే కదా! ముప్పై ఏళ్లు రాయి అంచు పట్టిన వేలు అది. గీతలు అరిగి నున్నగా అయిపోయింది. కాగితం మీద నల్లటి మరక తప్ప ఏమీ కనిపించలేదు. "గీతలు పళ్లేదు, మళ్లా వెయ్యి" అంటూ ఐదు ఫారాలు పాడు చేయించాడు. అమ్మ ప్రతిసారీ వేలు చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ చాపేది. ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు నిలబడింది. ఆరోదాన్ని అయిష్టంగా తీసుకున్నాడు.

సాక్షుల కథ ఇంకా అన్యాయం. వాళ్లకు అదే ఆఫీసులో ఖాతా ఉండాలి, వాళ్లు సంతకం చేసేవాళ్లై ఉండాలి. అమ్మను ముప్పై ఏళ్లుగా ఎరిగిన ఆడవాళ్లు ఎనిమిదిమంది వస్తామన్నారు. అందరూ నిశాని వాళ్లే. ఒక్కరూ పనికిరారు. అక్షరాలు నేర్పినామె యర్రగొండపాలెంలో కూతురి దగ్గరికి పోయి అక్కడే ఉంది, ఆమె ఖాతా వేరే చోట. చివరికి బజారులో బట్టల దుకాణాల వాళ్లిద్దరిని బతిమాలాను. అమ్మ ముఖం ఎన్నడూ చూడని ఆ ఇద్దరూ "ఈమె మాకు చిరకాలంగా తెలుసు" అన్న వాక్యం కింద చకచకా సంతకాలు చేశారు. ఆ అబద్ధం రికార్డుకు సరిపోయింది.

కాగితాలు పై ఆఫీసుకు పోయాయి. నెల గడిచింది. వాటిలో ఒక ఫోటో మీద ఆఫీసు గుండ్రటి ముద్ర సగమే పడిందని తిరిగొచ్చాయి. మళ్లీ పంపాం. అదే ఆఫీసు ముందు బండి దగ్గర టీ తాగి, ఫోను చూపించి డబ్బు కట్టేదాన్ని. క్షణం పట్టదు, ఎవరూ సాక్ష్యం అడగరు. ఆ గోడకు ఇవతల ఒక కాలం, అవతల ఇంకో కాలం. మధ్యలో మా అమ్మ కన్ను.

మూడో నెలకు పొర ముదిరింది. గ్లాసు కోసం బల్లంతా తడుముకునేది. బస్సుల బోర్డులు చదవడం మానేసింది. ఇక చాలు, నా డబ్బుతో చేయిస్తానని అరిచాను. "ఇన్నాళ్లు ఉన్నా కదా, ఇంకో నాలుగు దినాలు ఉంటా" అంది. ఆమె మొండితనం మీద కోపం, వాళ్ల మీద కోపం, ఆమె మాట విని కూర్చున్న నా మీద ఇంకా కోపం.

ఆఖరికి మంజూరైందని పిలిచారు. నమూనా సంతకం కొత్త కార్డు మీద గడిలో పెట్టాలి. గడి అగ్గిపెట్టె అంత. అమ్మకు గడి కనపడలేదు.

గడి అంచు ఎక్కడుందో తెలియాలని ఆమె వేలు పట్టి చూపించబోయాను. "నువ్వు ముట్టుకోగూడదక్కా, ఆమే పెట్టాల" అన్నాడు గుమాస్తా. అమ్మ చేత్తో తడిమి తడిమి రాసింది. నాలుగు అక్షరాలూ ఉన్నాయి, ఒత్తు కూడా ఉంది. మొదటి రెండూ గడి లోపల, చివరి రెండూ బయట.

"గడి దాటింది. ఇది చెల్లదు. మళ్లా మొదటినుంచి పెట్టుకోవాల," అన్నాడు. తర్వాత అతనికే జాలేసినట్టుంది, గొంతు తగ్గించాడు. "ఎందుకు పెద్దమ్మా ఈ తిప్పలు? పాతదే ఉంచుకో. నిశాని వెయ్యి, ఖాతా విడిపించి ఇప్పుడే డబ్బు ఇస్తా."

నేను నోరు తెరిచేలోపే అమ్మ కలం బల్ల మీద పెట్టేసింది. బొటనవేలు చాపింది. పడింది మరకే, అయినా ఈసారి గీతల సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడు నెలల కింద పనికిరాని వేలు ఇప్పుడెలా పనికొచ్చిందని అడగాలని నాలుక దాకా వచ్చింది. ఇంకో కాగితం తెమ్మంటాడేమోనన్న భయంతో మింగేశాను. అతను పాస్‌బుక్కు మొదటి పేజీలో, అమ్మ ఫోటో పక్కన, ఎర్ర ఇంకుతో పెద్దగా ఏదో రాసి ఇచ్చాడు. మేం డబ్బు తీసుకుని బయటపడ్డాం.

ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టు విప్పి, చుక్కల మందు రోజులు అయిపోయాక ఒక మధ్యాహ్నం అమ్మ మంచం మీద కూర్చుని చేతికందిందల్లా చదువుతోంది. మందు డబ్బా చదివింది, గోడ మీద క్యాలెండరు చదివింది. దిండు కింది నుంచి పాస్‌బుక్కు తీసి మొదటి పేజీ తెరిచింది.

"ని... శా... ని," అని కూడబలుక్కుంది. "ఏంది పాపా ఇది? నాకు రాయడం వస్తుంది కదా. వాళ్లకు చెప్పలేదా నువ్వు?"

చెప్పానమ్మా అన్నాను.

"కలం ఇటియ్యి," అంది.

పాస్‌బుక్కు మీద సొంత రాతలు రాస్తే ఏమవుతుందో ఈపాటికి నాకు బాగా తెలుసు. పుస్తకం చెల్లదంటారు, కొత్తది కావాలంటే దరఖాస్తు, మూడు ఫోటోలు, ఇద్దరు సాక్షులు. కలం మూత తీసి ఆమె చేతికిచ్చాను. ఆ ఎర్ర అక్షరాలను అడ్డంగా కొట్టేసి, పక్కనే తన పేరు రాసుకుంది.