సాంబయ్య సారు కూర్చున్న కుర్చీ

సాంబయ్య సారు కూర్చుంటే కుర్చీ చిరగాల్సిందే. మనిషి ఈనెపుల్ల. చొక్కా తడిస్తే తప్ప బరువు తూగడు. అయినా ఆయన లేచేసరికి బెత్తంతో అల్లిన కేన్ సీటు నడుమ బొక్క. 1978 నాటికి హనుమకొండలో ఈ సంగతి తెలియని ఆఫీసు లేదు.

గుమాస్తా రాజేశ్వర్ రావు ఆయన చేతికర్ర చప్పుడు వినగానే కుర్చీలు దాచేవాడు.

"నిలబడే మాట్లాడు సాంబయ్యా, దండం పెడత."

"మోకాళ్ళ నొప్పులు సారూ. జర కూసుంట."

కూర్చోగానే సీటు పటుక్కుమనేది.

"అయ్యో! ఫికర్ చెయ్యకుండ్రి. మా పోరగాళ్ళు అల్లి ఇస్తరు."

ఆ పోరగాళ్ళలో యాకయ్య ఒకడు. క్వారీలో రాయి పేలి కళ్ళు పోయాక రెండేళ్ళు మంచం మీదే కూర్చున్నాడు. తల్లి మొగిలమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది. తనకూ చూపు లేని సాంబయ్య సారు చూపు పోయినవాళ్ళకు కుర్చీల అల్లిక నేర్పుతాడని విని వచ్చాడు. ఇప్పుడు తన అన్నం తనే తింటున్నాడు.

అల్లికకు నెలకు ఇరవై కుర్చీలు రాకపోతే క్లాసు మూసేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. మూస్తే మళ్ళీ ఆ మంచమే. నెలాఖరు రోజుకు లెక్క పంతొమ్మిది.

ఆ పొద్దు సారు పెండ్లికి పోయి, కుర్చీతో రిక్షా దిగాడు.

"ఎవరిది సారూ?"

"పెండ్లికొడుకుది. ఆయన లేచిండు, నేను కూసున్న."

యాకయ్య పాత అల్లిక విప్పుతూ ఆగాడు. తెగిన కేన్ కొస పీచుపీచుగా ఉంటుందని నేర్పింది సారే. ఈ కొసలు నున్నగా ఉన్నాయి.

"సారూ, ఇది చిరిగింది కాదు. కోసింది."

సారు జేబులో చాకు మడిచిన చప్పుడు.

"మంచి కుర్చీ ముట్టలేదురా. రేపు చిరిగేదాన్ని జర ముందుగాల చింపిన." యాకయ్య వేళ్ళు తడిమాడు. "నీ వేళ్ళు పాసైనయి. ఇగ నేను నేర్పేది లేదు."

మరుసటి ఏడు యాకయ్య ములుగులో సొంతంగా అల్లిక పెట్టుకున్నాడు. ఒకనాడు సారలమ్మ అని ఒకామె వచ్చింది. ఆమెకు కొత్తగా చూపు పోయింది.

"నాకు గూడ నేర్పు అన్నా. ఇంట్ల ఊకె కూసునుడు నాతోని కాదు."

నేర్పడానికి ఆ రోజు చిరిగిన కుర్చీ ఒక్కటీ లేదు.

మరునాడు పొద్దున్నే యాకయ్య పంచాయతీ ఆఫీసుకు పోయాడు. అతనికి ఇరవయ్యారేళ్ళు.

"ఏం పని మీద వచ్చినవ్ యాకయ్యా?"

"చెప్త సారూ. మోకాళ్ళ నొప్పులు. జర కూసుంట."