కోతకు పోయిన ఎద్దులు

ఈ ఉదయం గడ్‌చాందూర్ బస్సులో నా పక్కన కూర్చున్న రైతు చేసంచిలోంచి వేపనూనె వాసన వచ్చింది. కాడి ఒరిసి పుండుపడిన ఎద్దు మెడకు రాయడానికట. ఆ వాసనకు భూమన్న సారు గుర్తొచ్చి, కోర్పనా వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

భూమన్న సారు మా పశువుల దవాఖానాలో పర్యవేక్షకుడు. ఈ మరాఠీ రాష్ట్రం సరిహద్దు పల్లెలో తెలుగు రైతు ఇంట పుట్టినవాడు. నేను వరోరా బొగ్గు గని కార్మికుడి కూతుర్ని. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పశువులంటే భయం, కాగితాలంటే ధైర్యం. సారు అందుకు పూర్తిగా విరుద్ధం. ఎద్దుతో రెండు మాటలు మాట్లాడందే సూది పట్టేవాడు కాదు. నేను నవ్వితే, "నవ్వకు బిడ్డా. దానికి నోరు లేదు. మనం రాసిన కాయిదమే దాని నోరు" అనేవాడు. కళ్ళద్దాలు ఎప్పుడూ ఇంట్లోనే మరిచిపోయేవాడు కాబట్టి రాత పనంతా నాది. నేను చూపించిన చోట సంతకం పెట్టేవాడు. ఆ నమ్మకం నాకు మహా గొప్పగా ఉండేది.

అది సోయాబీన్ కోతల కాలం. ఒక మధ్యాహ్నం పోలీసులు పోశం అనే రైతును, అతని ఎద్దుల జతను తీసుకొచ్చారు. కూతురి ఊళ్ళో కోసిన పంటను బండి మీద చేరవేయడానికి ఎద్దులను టెంపోలో తీసుకెళ్తుంటే ఆపారు. పశువును వాహనం ఎక్కించాలంటే దవాఖానా సర్టిఫికెట్ ఉండాలని చట్టం. పోశం దగ్గర అది లేదు. ఎద్దులను పరీక్షించి రిపోర్టు ఇమ్మన్నారు.

"ఎందుకు తీస్కపోతున్నవే పోశం?" అని అడిగాడు సారు.

"బిడ్డ ఊరికి సారూ, కోతకు."

మరాఠీలో రాయాల్సిన రిపోర్టులో 'కారణం' అన్న గడి నేనే నింపాను. పంట కోతకు అని చెప్పాలంటే మరాఠీలో 'కాపణీసాఠీ' అనాలి. నేను 'కాపణ్యాసాఠీ' అని రాశాను. అంటే, కోయడానికి. ఎద్దుల కాగితంలో ఆ మాట కనబడితే వధకనే తప్ప ఇంక వేరే అర్థమేముంది? తెలుగులో విని మరాఠీలో రాసే మాబోటివాళ్ళే చేయగల తప్పది. సారు ఎప్పటిలాగే సంతకం పెట్టాడు.

ఈ రాష్ట్రంలో ఎద్దును వధకు తీసుకెళ్ళడం నేరం. సర్టిఫికెట్ లేదన్న చిన్న కేసు కాస్తా వధ కేసయింది. కేసు తేలేదాకా ఎద్దులను గోశాలలో ఉంచమన్నారు. మర్నాడు సారు నన్ను వెంటబెట్టుకొని స్టేషనుకు వెళ్ళి ఎంత చెప్పినా, ఏదున్నా కోర్టులో చెప్పుకోమన్నారు.

"నేనే తప్పు రాసిన అని చెప్త సార్" అన్నాను బయటికొచ్చాక.

"నీ నౌకరీ ఇంకా పక్కా కాలే. సంతకం నాది. నువ్వు నడుమల మాట్లాడకు."

నేను మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట కోసమే ఎదురుచూశానేమో. ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేసేది అక్కడే.

సారు ప్రతి ఆదివారం గోశాలకు వెళ్ళేవాడు. అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. పట్టుకొచ్చిన పశువులకు షెడ్డు చాలదు, గడ్డి అంతకన్నా చాలదు. పోశం ఎద్దులకు పక్కటెముకలు తేలాయని చెబుతూ ఒకసారి, "వాటికి బాధ కావొద్దనే కద బిడ్డా గీ చట్టం. మరి దీన్నేమంటరు?" అన్నాడు. కోర్టులో మాత్రం రిపోర్టు తనదేనని, తప్పు తనదేనని చెప్పి వచ్చాడు.

మూడో ఏడు కేసు కొట్టేశారు. ఎద్దులను రైతుకు అప్పగించమని కోర్టు ఆదేశం. పోశం కొత్త పలుపుతాళ్ళు కొనుక్కొని వెళ్ళి, వాటిని భుజాన వేసుకొని అలాగే తిరిగొచ్చి మా దవాఖానా మెట్ల మీద కూర్చున్నాడు.

"గెలిచిననంట సారూ. ఎద్దులే లేవు."

ఒకటి మొదటి వానాకాలంలోనే పోయింది, రెండోది తీర్పుకు రెండు నెలల ముందు. సారు లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన పశువులతో మాట్లాడగా నేను చూడలేదు. వచ్చిన దానికి వచ్చినట్టు సూది వేసి పంపేవాడు.

సారు పోయి ఏడాదైంది. దహనానికి పోశం రాలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు, కూలికి పోయి కొనుక్కున్న మేకను తోలుకొని దవాఖానాకు వచ్చాడు.

"ఆ సారు రాతే నా ఎద్దులను తిన్నది బిడ్డా. నువ్వయితే మంచిగ రాస్తవు" అంటూ నా ముందు కూర్చున్నాడు.

ఫారం నింపి, రాసిందంతా తెలుగులో రెండుసార్లు చదివి వినిపించాను. ఇప్పుడు ఎవరొచ్చినా అలాగే వినిపిస్తాను. పోశం తృప్తిగా తలూపి వేలిముద్ర వేశాడు. తర్వాత చాలాసార్లు వచ్చాడు, వచ్చిన ప్రతిసారీ సారును తిట్టాడు. నేను ఒక్కసారీ అడ్డు చెప్పలేదు.